ముప్ఫై ఆరు హ్యాండికాప్

పుణ్యవతి ఇంటికి వచ్చేసరికి రామబ్రహ్మం పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. ఆమె కాన్వాసు బూట్లు విప్పలేదు, నడుముకి ఎగదోపిన కుచ్చెళ్ళు దించలేదు. దెబ్బల లెక్క రాసిన కార్డు చేత్తో పట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వెళ్ళింది.

"ఏమండీ, తొంభై మూడు!"

అతను చెంప మీద బ్లేడు ఆపాడు. "ఏమిటి తొంభై మూడు?"

"మొత్తం ఆట. ఏడో గుంత కూడా వాగు మీదుగానే కొట్టాను. చుట్టూ తిరగలేదండీ."

రామబ్రహ్మం ఆరేళ్ళుగా గోల్ఫు ఆడుతున్నాడు. దెబ్బలు ఎంత తగ్గితే అంత గొప్ప ఆ ఆటలో. కిందటి ఆదివారం అతను తొంభై నాలుగు దెబ్బల్లో ఆట ముగించి, క్లబ్బు వరండాలో అందరికీ నిమ్మసోడా ఇప్పించాడు. ఆడవాళ్ళు కాస్త ముందు నుంచి కొడతారు, నిజమే. అయినా పుణ్యవతి కర్ర పట్టి ఏడాదయినా కాలేదు.

"ఎవరితోనైనా అన్నావా?"

"క్లబ్బులో త్రిపురసుందరిగారు కనబడితే చెబుదామనుకున్నాను. ముందు మీకే చెప్పాలని వచ్చేశాను."

"ఇలా తే."

ఆమె కార్డు ఇచ్చింది. అతను గుంత గుంతకీ వేసిన అంకెలు పైనుంచి కిందికి చదివాడు. తర్వాత బ్లేడుకి అంటిన నురుగూ వెంట్రుకలూ ఆ కార్డుకే తుడిచి, మడిచి, తొట్టి పక్కన ఉన్న బూడిద బకెట్లో పడేశాడు. రెండో చెంప గీసుకోవడం మొదలుపెట్టాడు.

"ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ ఆడుదువుగాని. ఈసారి నేను వస్తాను," అన్నాడు అద్దంలోకి చూస్తూనే.

మదీనాగూడ దాటాక బొంబాయి రోడ్డుకి ఎడం పక్క ఫ్యాక్టరీ కాలనీ ఉండేది. దాని వెనక రాళ్ళ గుట్టల మధ్య ఆఫీసర్లు తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం వేసుకున్నారు. రెండు చుట్లు తిరిగితే పద్దెనిమిది. నీళ్ళు లేని నేల కాబట్టి గుంత చుట్టూ పచ్చగడ్డి ఉండదు. ఇసకలో పాత ఇంజనాయిలు కలిపి చదును చేస్తారు. దాన్ని బ్రౌను అంటారు. బంతి దొర్లిన చారలూ బూట్ల అచ్చులూ పోయేలా ఆ ఇసక మీద గోనెపట్టా ఈడ్చే పని సక్కుబాయిది. ఆమె భర్త ఐలయ్య ఆటగాళ్ళ సంచులు మోసేవాడు. పుణ్యవతి వెంట ఎప్పుడూ అతనే వెళ్ళేవాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి గుంత దగ్గర రామబ్రహ్మం ఐలయ్యని ముందుకు పంపేసి, భార్యకి మెల్లగా విషయం విడమరిచాడు.

"ఇవాళ్టితో కలిపి కొత్తగా మూడు కార్డులు ఇస్తే నీకు హ్యాండికాప్ వేస్తారు. నిన్నటిలా ఆడావనుకో, ఇరవై ఒకటి వేస్తారు. అంటే నీ మొత్తంలోంచి ఇరవై ఒక్క దెబ్బలు మినహాయిస్తారన్న మాట. అదే చెత్తగా ఆడావనుకో, ఆడవాళ్ళకి ముప్ఫై ఆరు దాకా ఇస్తారు. వచ్చే ఆదివారం జంటల కప్పు. మొగుడిదీ పెళ్ళాందీ కలిపి అందులో సగం మినహాయింపు. నాకు ఇరవై ఉంది. నీకు ముప్ఫై ఆరు పడితే మనల్ని కొట్టేవాడెవడు?"

"అది దొంగతనం కాదుటండీ?"

"రానివాళ్ళకి చెయ్యూత ఇవ్వడానికే కదా హ్యాండికాప్ పెట్టింది. నీకు వచ్చని ఎవరు చెప్పారు? ఒక్కరోజు తగిలింది, అంతే."

ఆమె మొదటి బంతిని పక్కనున్న తుమ్మచెట్ల వైపు కొట్టింది. అతను నాలుక చప్పరించాడు.

"అలా కాదే. గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది. మంచి దెబ్బలాగే కనిపించాలి, దిగడం మాత్రం చెడ్డచోట దిగాలి. చివర్లో మణికట్టు కొంచెం తిప్పు. చూడు, ఇలా."

అతను పక్కన నిలబడి ఆమె మణికట్టు పట్టుకుని తిప్పి చూపించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏదైనా అంత ఓపిగ్గా నేర్పింది అదే. పుణ్యవతి త్వరగానే పట్టుకుంది. బంతి తిన్నగా లేచి, చివర్లో వంగి, ఒకసారి రాళ్ళ పక్కకీ ఒకసారి సీతాఫలం పొదలోకీ వెళ్ళి పడింది. మంచి చోటికి కొట్టడానికి ఎంత గురి కావాలో చెడ్డ చోటికి కొట్టడానికీ అంతే కావాలని ఆమెకి నాలుగో గుంత దాటేసరికి తెలిసింది. నడుమునొప్పి కూడా ఒకేలా వచ్చింది.

"ఏందమ్మా, నిన్న గంత మంచిగ కొట్టినవ్. ఇయ్యాల చెయ్యి గిట్ల పోతున్నదేంది?" అన్నాడు ఐలయ్య పొదలోంచి బంతి వెతికి చూపిస్తూ.

"సంచీ మోసేవాడివి సంచీ మొయ్యి," అన్నాడు రామబ్రహ్మం.

ఐలయ్య సంచీ భుజానికి ఎత్తుకున్నాడు. కాని మర్నాడు పుణ్యవతి రెండో కార్డుకి వచ్చేసరికి సక్కుబాయి గోనెపట్టా పక్కన పడేసి ఎదురొచ్చింది. ఆమె కొంగులో కాచిన వావిలాకు మూట ఉంది.

"చెయ్యి బెణికిందట గదమ్మా. మా ఆయన రాత్రంతా ఒకటే ఫికర్. ఇటియ్యి, కడత."

"వద్దులే సక్కుబాయీ, నాకేం కాలేదు."

"గట్లనే అంటవ్. జర కూసో."

రామబ్రహ్మం దూరం నుంచి చూస్తున్నాడు. పుణ్యవతి రాతి మీద కూర్చుని, ఏ నొప్పీ లేని చేతిని చాచింది. సక్కుబాయి వేడి ఆకు మణికట్టు చుట్టూ పరిచి, పాత చీరపేలికతో బిగించి కట్టింది. ఆమె వేళ్ళ సందుల్లో నల్లటి ఇంజనాయిలు ఎండి ఉంది. ఆ కట్టుతోనే పుణ్యవతి ఆ రోజంతా బంతుల్ని చెడ్డచోట్లకి కొట్టింది. కట్టు చూసి అందరూ అయ్యో పాపం అన్నారు.

గురువారం సాయంత్రం క్లబ్బు గోడ మీద బోర్డులో ఆమె పేరు ఎదురుగా ముప్ఫై ఆరు అని సుద్దముక్కతో రాశారు. బోర్డు కింద కుర్చీలో జనరల్ మేనేజరు వెంకటరామయ్యగారి భార్య త్రిపురసుందరి కూర్చుని ఉంది. ఆడవాళ్ళ ఆట వ్యవహారాలన్నీ ఆవిడే చూస్తుంది. బెంగుళూరు ఫ్యాక్టరీ ఆడవాళ్ళతో పోటీకి నలుగురిని తీసుకెళ్తున్నారు. హ్యాండికాప్ ఇరవై నాలుగు లోపు ఉన్నవాళ్ళకే చోటు.

"నిన్ను తప్పకుండా తీసుకెళ్దామనుకున్నానమ్మా పుణ్యవతీ. మొన్నొకరోజు మా మేడ మీంచి నీ ఆట చూశాను. ఎంత బాగా కొట్టావో! మరి ఇలా అయిందేమిటి?" అందావిడ.

పుణ్యవతి నోరు తెరిచేలోగా రామబ్రహ్మం నవ్వుతూ అందుకున్నాడు.

"గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎప్పుడో ఒకటి తగులుతుందండీ. మీరు ఆ రోజు చూసినట్టున్నారు. మిగతా రోజులు నేను చూస్తున్నాను కదా!"

అక్కడ మరో మూడు జంటలు ఉన్నాయి. వాళ్ళు నవ్వేసరికి అతనికి హుషారు వచ్చింది. మూలనున్న గొడుగు అందుకుని వరండా మధ్యకి వెళ్ళాడు. లేని చీర కుచ్చెళ్ళు నడుముకి దోపుకున్నాడు, లేని పమిట సర్దుకున్నాడు, నాలుక కొంచెం బయటపెట్టి, పిరుదులు వెనక్కి తోసి గొడుగు గిర్రున తిప్పాడు. తిప్పాక కళ్ళకి చెయ్యి అడ్డుపెట్టి బంతి కోసం ఆకాశంలో వెతికాడు. పుణ్యవతికి గురి చూసేటప్పుడు నాలుక కొస పెదాల మధ్యకి వస్తుంది. తనకే తెలియని అలవాటు. అతను ఎప్పుడు గమనించాడో! వరండా అంతా నవ్వింది. త్రిపురసుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చాల్లెండి రామబ్రహ్మంగారూ, పాపం!" అంది. పుణ్యవతి కూడా నవ్వింది.

ఇంటికి నడుస్తుంటే ఆమె మెల్లగా అంది. "బెంగుళూరు వెళ్ళేదాన్నండీ."

"బెంగుళూరులో నీకేం పని? ఆదివారం ఢిల్లీ నుంచి ఎండీగారు వస్తున్నారు. మన వెంటే నడుస్తారు, జీఎం గారితో చెప్పించుకున్నాను. చీఫ్ ఇంజనీరు కుర్చీ ఖాళీ అవుతోంది. ఆయన మనిషిని మైదానంలోనే చదువుతాడని పేరు. నువ్వు తలకి కాస్త నూనె తక్కువ పెట్టుకుని రా, చాలు."

ఆదివారం మధ్యాహ్నం కాలనీ అంతా మైదానం దగ్గరికి వచ్చింది. ఎండీగారు పొడుగాటి మనిషి, తెల్ల టోపీ, చేతిలో ఎప్పుడూ సిగరెట్టు. ఆయన చాలాకాలం విశాఖపట్నంలో పనిచేసి తెలుగు బాగా మాట్లాడతారు. వెంకటరామయ్యగారి జంటా రామబ్రహ్మం జంటా కలిసి ఆడుతుంటే ఆయన పక్కన నడిచారు. జంటల పోటీలో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. మొగుడొక దెబ్బ, పెళ్ళాం ఒక దెబ్బ. ఒకరు ఎక్కడ పడేస్తే రెండోవాళ్ళు అక్కణ్ణుంచే కొట్టాలి.

మొదటి చుట్టులో పుణ్యవతి బుద్ధిగా ఆడింది. మరీ బాగా కాదు, మరీ చెడ్డగా కాదు. రామబ్రహ్మం బంతిని గుట్ట పక్కకి పారేస్తే మెల్లగా దారిలోకి తెచ్చింది. బ్రౌను అంచున వదిలేస్తే గుంత దాకా దొర్లించింది. ఆమె దొర్లించిన ప్రతిసారీ అతను ఎండీగారి వైపు తిరిగి "అదృష్టం సార్" అన్నాడు. తన బంతి బాగా వెళ్ళినప్పుడు మాత్రం కర్ర భుజం మీదే ఉంచి, బంతి ఆగేదాకా కదలకుండా నిలబడ్డాడు. చుట్టు పూర్తయ్యేసరికి మినహాయింపు పోగా వాళ్ళే అందరికంటే ముందున్నారు.

"చాలా బాగా సంభాళిస్తున్నారు రామబ్రహ్మంగారూ. మీ ఆవిడ హ్యాండికాప్ ఎంత?" అని అడిగారు ఎండీగారు.

"ఆవిడ హ్యాండికాప్ ముప్ఫై ఆరు సార్. నా హ్యాండికాప్ ఆవిడే!"

ఎండీగారు పెద్దగా నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. వెంకటరామయ్యగారు ఆ మాట వెనక వస్తున్న వాళ్ళకి చెప్పారు, వాళ్ళు ఇంకా వెనకవాళ్ళకి చెప్పారు. నవ్వు అలా మైదానం పొడుగునా వెళ్ళింది. పుణ్యవతి కర్ర పిడికి అంటిన చెమటని కొంగుతో తుడుస్తూ, నవ్వు ఆఖరి మనిషి దాకా వెళ్ళి ఆగిపోయేదాకా తల దించుకుని ఉంది.

రెండో చుట్టు మొదటి గుంతకి ఆమె కొట్టిన బంతి చక్కగా లేచి, చివర్లో వంగి, తుమ్మచెట్టు మొదట్లో ఆగింది. రామబ్రహ్మం ముళ్ళ కింద మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాల్సి వచ్చింది. చొక్కా భుజం దగ్గర చిరిగింది.

"అయ్యో, చూసుకోలేదండీ," అంది ఆమె అందరికీ వినపడేలా.

రెండో గుంత దగ్గర బ్రౌను ముందు చిన్న రాతిబండ ఉంది. ఆమె బంతిని ఆ బండకి ఇవతల ఆనించి ఆపింది. అతను కొడితే అది బండకి తగిలి వెనక్కి దొర్లి అతని బూట్ల మధ్యే ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. మూడో గుంత దగ్గర ఆమె బంతి గడ్డం లోతు గోతిలోకి దిగింది. అతను గోతిలోకి దిగి మూడుసార్లు కర్ర ఊపాడు. మన్ను పైకి వచ్చింది, బంతి రాలేదు. గోతి అంచున నిలబడ్డ భార్య కాళ్ళు, కాన్వాసు బూట్లు, వాటి మీద కుచ్చెళ్ళ అంచు మాత్రమే అతనికి కనిపించాయి. అతను తల ఎత్తాడు. అప్పుడు అతనికి అర్థమయింది.

పైకి వచ్చాక చేతులు దులుపుకుంటూ పళ్ళ బిగువున అడిగాడు. "ఏం చేస్తున్నావే?"

"మీరు నేర్పినట్టే," అంది పుణ్యవతి.

అతను చుట్టూ చూశాడు. పది అడుగుల్లో ఎండీగారు ఉన్నారు. ఆవిడకి ఆట బాగా వచ్చునని, కావాలనే చేస్తోందని ఎవరితో అనగలడు? అతని మెడ నరాలు ఉబ్బి మళ్ళీ లోపలికి పోవడం ఆమె చూసింది.

"ఏమిటి, ఆవిణ్ణి కసురుతున్నారా?" అన్నారు ఎండీగారు దగ్గరికి వచ్చి. "ముప్ఫై ఆరు హ్యాండికాప్ మనిషి, వచ్చినంత ఆడుతోంది. మీరు కదా ఓపిక పట్టాలి! మనిషికి ఓపికే ముఖ్యం."

"అవును సార్," అన్నాడు రామబ్రహ్మం.

నాలుగు, అయిదు, ఆరు కూడా అలాగే గడిచాయి. పుణ్యవతి ప్రతిసారీ క్షమాపణ చెప్పుకుంది. త్రిపురసుందరి ఆమె భుజం తట్టింది. జనం రామబ్రహ్మం వంతు వచ్చినప్పుడల్లా దగ్గరికి జరిగి గుండ్రంగా నిలబడసాగారు, కోడిపందెం దగ్గర నిలబడ్డట్టు. అతని దెబ్బలు వాటంతటవే గురి తప్పడం మొదలుపెట్టాక ఆమె చెడ్డచోట్లు వెతకాల్సిన పని కూడా తగ్గింది.

ఏడో గుంత మైదానంలో అన్నిటికంటే కష్టమైనది. మధ్యలో ఎండిన వాగు. మంచి ఆటగాళ్ళు దాని మీదుగా కొడతారు. మామూలువాళ్ళు ఎడమ పక్క కాలిబాట వెంట వాగు చుట్టూ తిరిగి వెళ్తారు. వాగు అవతల కుడిచేతి వైపున ఏనుగుల్లాంటి రాళ్ళగుట్ట. అటు బంతి పోగొట్టుకున్న మామూలు ఆటగాడు లేడు, ఎందుకంటే అంత దూరం వాళ్ళు కొట్టలేరు. బంతులు ఎక్కడ పడేదీ చూడడానికి ఐలయ్య ముందే వెళ్ళి అవతలి గట్టు మీద నిలబడ్డాడు.

త్రిపురసుందరి ఎడమకి జాగ్రత్తగా కొట్టింది. ఎండీగారు సిగరెట్టు ముట్టించుకోవడానికి గాలికి వెనుతిరిగారు. వెంకటరామయ్యగారు అగ్గిపుల్లకి రెండు చేతులూ అడ్డుపెట్టారు. జనం అప్పటికే ఎడం బాట పట్టారు. రామబ్రహ్మం ఒక్కడే భార్య వైపు చూస్తూ నిలబడ్డాడు.

పుణ్యవతి కాళ్ళు ఎడంగా పెట్టింది. మణికట్టు తిప్పలేదు. వారం రోజులుగా దాచిపెట్టిన బలమంతా ఒక్కసారి చేతుల్లోంచి కర్రలోకి వెళ్ళింది. తగిలిన చప్పుడు పొడిగా, చిన్నగా ఉంది. బంతి వాగు దాటింది, గట్టు దాటింది, ఎండలో కాసేపు కనబడకుండా పోయి, అవతలి రాళ్ళ మధ్య నెర్రెలోకి దిగింది. ఆమె జీవితంలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు.

ఎడం బాటలో అంతా చాలాసేపు వెతికారు. అవతల ఐలయ్య తలగుడ్డ విప్పి ఊపాడు. "గీడ ఉన్నది సారూ! గీ రాళ్ళల్ల!"

జనం ఆశ్చర్యపోతూ అక్కడికి చేరారు. నెర్రెలో బంతి తెల్లగా కనిపిస్తోంది, కర్ర సరిగా పట్టదు.

"తీసి బయట పెట్టుకోండి. ఒక దెబ్బ నష్టం, అంతేగా," అన్నారు ఎండీగారు.

"ఫరవాలేదు సార్. కొడతాను."

మొదటి ఊపుకి రాతి పెచ్చు లేచి అతని చెంపని చీరింది. రెండోదానికి కర్ర వంగింది. మూడోదానికి బంతి ఇంకా లోపలికి పోయింది. అతను ఆపలేదు. వంగిన కర్రతో రాతినే కొడుతున్నాడు. ఎవరూ నవ్వడం లేదు ఇప్పుడు. ఎండీగారు గడియారం చూసుకుని, "పదండి వెంకటరామయ్యగారూ, టీ తాగుదాం," అని వెళ్ళిపోయారు.

క్లబ్బు వరండాలో రామబ్రహ్మం చెంప మీద జేబురుమాలు అదుముకుని నిలబడ్డాడు. ఎండీగారు లోపలి గదిలో చెయ్యి కడుక్కుంటున్నారు, తలుపు తెరిచే ఉంది. రామబ్రహ్మం ఆ తలుపు దాకా వినపడే గొంతుతో వెంకటరామయ్యగారికి ఫిర్యాదు చేశాడు. బంతి అక్కడ పడలేదని, ఐలయ్య కాలితో తన్ని రాళ్ళలో వేశాడని, మొన్న తను కసిరిన కోపం మనసులో పెట్టుకున్నాడని.

"నేనెందుకు తంతా సారూ?" అన్నాడు ఐలయ్య. అతను మెట్ల కింద నిలబడి ఉన్నాడు, భుజాన ఇంకా సంచీ. "పోశమ్మ తోడు, నేను ముట్టలె. అమ్మనే కొట్టింది. వాగు దాటించి కొట్టింది. నా కండ్లతోని చూసిన!"

"వాగు దాటించి!" రామబ్రహ్మం గోడ మీద బోర్డు చూపించాడు. "ముప్ఫై ఆరు హ్యాండికాప్ ఆడమనిషి! మీరు కొట్టగలరా సార్ అంత దూరం? నేను కొట్టగలనా?"

వెంకటరామయ్యగారు ఆలోచించారు. ఆయన కూడా ఎప్పుడూ ఎడం బాటే పడతారు.

"అమ్మా పుణ్యవతీ, నువ్వే చెప్పు. వాడు నువ్వే కొట్టావంటున్నాడు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఐలయ్య ముఖంలో భయం పోయింది. అమ్మని అడిగారు కాబట్టి ఇక ఫరవాలేదన్నట్టు అతను సంచీ భుజం మార్చుకున్నాడు. రామబ్రహ్మం రుమాలు చెంప మీదే ఉంచి ఆమెని చూస్తున్నాడు. కొట్టానంటే ముప్ఫై ఆరు అబద్ధమవుతుంది. వావిలాకు కట్టు అబద్ధమవుతుంది. ఇందాకటి క్షమాపణలన్నీ ఏమిటని అడుగుతారు. భుజం తట్టిన త్రిపురసుందరి ఏమంటుంది? లోపలి గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

పుణ్యవతి పమిట సర్దుకుని చిన్నగా నవ్వింది.

"బలేవారే బాబాయిగారూ! నాకంత దూరం ఎక్కడ వెళ్తుందండీ?"

వరండా అంతా హాయిగా నవ్వింది. త్రిపురసుందరి కూడా నవ్వింది. ఐలయ్య సరిగా వినపడలేదేమో అన్నట్టు మెడ ముందుకు చాచి ఆమెనే చూశాడు.

"అమ్మా?" అన్నాడు.

ఆమె టీ బల్ల వైపు చూసింది.

"రేపట్నించి నువ్వు రావద్దు," అన్నారు వెంకటరామయ్యగారు. "నీ పెళ్ళాన్నీ రావద్దను. ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు."

ఐలయ్య సంచీ మెట్టు మీద ఆనించి పెట్టాడు. లోపలి కర్రలు జారి ఒకటి నేల మీద పడింది. వంగి తీసి, మన్ను తుడిచి, మళ్ళీ లోపల పెట్టాడు. బ్రౌను మీద సక్కుబాయి ఇంకా వంగి గోనెపట్టా ఈడుస్తోంది. అతను అటు నడిచాడు.

ఎండీగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. బేరరు టీలు తెచ్చాడు. జంటల కప్పు ఎవరికో వెళ్ళింది, చప్పట్లు కొట్టారు. రామబ్రహ్మం రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడవార ఉన్న కుర్చీల్లోంచి ఒకటి తెచ్చి, దుమ్ము దులిపి, తన కుర్చీ పక్కన వేశాడు. క్లబ్బులో అతను భార్యకి కుర్చీ వెయ్యడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"కూర్చో," అన్నాడు. బేరరుతో, "అమ్మగారికి చక్కెర తక్కువ," అన్నాడు.

పుణ్యవతి కూర్చుంది. ఎదురుగా ప్లేటులో పకోడీలు ఉన్నాయి. ఒకటి తీసుకుని ప్లేటు అతని వైపు జరిపింది.

"వేడిగా ఉన్నాయి, తినండి," అంది.